మన బోరు నీళ్ళు మంచివేనా? – భూగర్భ జలాల పరిశోధనపై ఒక పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మాకు ఒక ప్రశ్న గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం పాత విద్యార్థుల కలయికకు వచ్చినప్పుడు మేము నాలుగు ప్లాస్టిక్ సీసాలు, ఒక టి.డి.ఎస్. మీటరు వెంట తెచ్చుకున్నాం. పెరట్లో బోరు దగ్గర నీళ్ళు పడుతుంటే ఎనిమిదో తరగతి తమ్ముడొకడు పక్కనే నిలబడి చాలాసేపు చూశాడు. వాళ్ళది ఎ.కొండూరు వైపు తండా. చివరికి నోరు విప్పి అడిగాడు: "అన్నా, మా నాన్నకి డయాలసిస్ చేయిస్తున్నాం. బోరు నీళ్ళు తాగడం వల్లే వచ్చిందంటున్నారు. నిజమేనా?"

మా నలుగురిలో ఇద్దరం జియాలజీ చదివాం. ఒకరు నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నారు. అయినా ఆ రోజు వాడికి సరైన జవాబు చెప్పలేక "చూద్దాం తమ్ముడూ" అని భుజం తట్టి వచ్చేశాం. బస్సులో విజయవాడ వెళ్ళేదాకా మాలో మాకే సిగ్గుగా అనిపించింది. ఆ జవాబే ఇప్పుడు కాస్త వివరంగా రాస్తున్నాం. నేరుగా జవాబు దగ్గరికి వెళ్ళలేం. ముందు భూమి లోపలికి దిగాలి.

భూగర్భ జలం అనగానే చాలామంది నేల కింద ఒక చెరువో, పారే ఏరో ఉందని ఊహిస్తారు. మన మైలవరం, రెడ్డిగూడెం, ఎ.కొండూరు, తిరువూరు ప్రాంతమంతా చాలావరకు గట్టి రాతి నేల. తూర్పు కనుమలకు చెందిన ఖొండలైట్, చార్నకైట్, గ్నైస్ అనే పాత శిలలు ఇవి. పైన మట్టి, దాని కింద శిథిలమై మెత్తబడిన రాయి, ఆ కింద అసలు రాయి. బోరు లారీ వచ్చినప్పుడు మీరు చూసే ఉంటారు: మొదట ఎర్రమట్టి వస్తుంది, తర్వాత మొరం, ఆ తర్వాత బూడిదలాంటి రాతిపొడి. నీరు ఉండేది శిథిల పొరలోని సందుల్లోనూ, రాతిలోని పగుళ్ళలోనూ. పక్కింటివాళ్ళకు నీళ్ళు పడి మనకు పడకపోవడానికి కారణం ఈ పగుళ్ళే, అదృష్టం కాదు. నీటి గుణం కూడా అంతే. రెండు బోర్ల మధ్య యాభై గజాలున్నా అవి వేర్వేరు పగుళ్ళ నుంచి తోడుతూ ఉండవచ్చు. కాబట్టి "మా ఊరి నీళ్ళు మంచివి" అనే మాటకు పరిశోధనలో విలువ లేదు. ఏ బోరు, ఎంత లోతు, ఏ నెలలో పట్టినవి అని చెప్పాలి.

వానచుక్క నేలలోకి దిగేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని కొంచెం ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. ఆ బలంతో రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఎంత ఎక్కువ కాలం రాతితో కలిసి ఉంటే అంత ఎక్కువ కరిగిస్తుంది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం అలా వచ్చినవే. ఫ్లోరైడ్ కూడా.

ఫ్లోరైడ్ కథ మన తెలుగు నేలదే కనుక కాస్త ఆగి చెప్పుకోవాలి. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో, దర్శి చుట్టుపక్కల, నడుము వంగక, కీళ్ళు బిగిసిపోయి బాధపడుతున్నవారిని షార్ట్, పండిట్, రాఘవాచారి మొదలైన పరిశోధకులు పరిశీలించారు. తాగే బావినీళ్ళలోని ఫ్లోరైడే దానికి కారణమని ప్రకటించారు. భారతదేశంలో ఈ జబ్బు గురించి వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికలు అవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు దర్శి అందులో చేరింది. ఆ తర్వాత ఇదే జబ్బుకు నల్గొండ జిల్లా పేరు దేశమంతా తెలిసింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఉప్పగా, కఠినంగా ఉండి పప్పు ఉడకని నీళ్ళను మనం చెడ్డవి అంటాం. పప్పు చక్కగా ఉడికే, సబ్బు బాగా నురగ వచ్చే మృదు జలాన్ని మంచిది అంటాం. ఫ్లోరైడ్ విషయంలో ఇది చాలాసార్లు తలకిందులవుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోతుంది. నీటిలో ఎక్కువ నిలవలేదు. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బొనేట్ ఎక్కువైన నీటిలో మాత్రం ఫ్లోరైడ్ హాయిగా కరిగి ఉంటుంది. అంటే మా అమ్మమ్మలు "తియ్యటి నీళ్ళు" అని మెచ్చుకున్న బావిలోనే అది దాగి ఉండే అవకాశం ఉంది. రంగు లేదు, వాసన లేదు, రుచీ లేదు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకే ఉండాలి; వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్ళను చిన్నప్పటి నుంచి తాగితే పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఇంకా ఎక్కువ ఉన్న నీటిని ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకు చేటు.

నాగపూరులోని నీరి సంస్థవారు పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తేర్చి వడగట్టే పద్ధతిని తయారుచేశారు. దానికి "నల్గొండ పద్ధతి" అని మన జిల్లా పేరే పెట్టారు. పుస్తకాల్లో ఇది చదివినప్పుడు మేము గర్వపడ్డాం. తర్వాత ఆలోచిస్తే ఇందులో గర్వపడటానికి ఏముందని అనిపించింది. పద్ధతి చవకే. కానీ రోజూ పటిక కొలిచి వేసేవారు కావాలి, అడుగున చేరిన బురదను ఎక్కడో పారబోయాలి, పటికలోని అల్యూమినియం నీటిలో మిగలకుండా చూసుకోవాలి. ఊళ్ళలో అది ఎక్కువకాలం సాగలేదు. చివరకు నల్గొండకు ఊరట దొరికింది నది నీళ్ళు పైపుల్లో రావడం వల్లనే. తెలంగాణలో మిషన్ భగీరథ మొదలైంది 2016లో. కారణం 1937లోనే తెలిసింది. నీళ్ళు రావడానికి దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది. జాప్యం సైన్సుది కాదని మా అభిప్రాయం.

టి.డి.ఎస్. మీటరు మోసం

పెన్నులాంటి ఈ మీటరును ఇప్పుడు ఆర్.ఓ. యంత్రాలు అమ్మేవాళ్ళందరూ జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. నీళ్ళలో ముంచగానే 400 అనో 900 అనో చూపిస్తుంది. చూసినవాళ్ళు బెదిరిపోతారు, లేదా ధైర్యం తెచ్చుకుంటారు. రెండూ తొందరపాటే. ఆ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకతను. దాన్నిబట్టి మొత్తం లవణాలు ఎన్నో అంచనా వేస్తుంది. ప్రమాణం 500, వేరే నీరు లేకపోతే 2000 దాకా. కానీ మొత్తం 400 మిల్లీగ్రాములున్న నీళ్ళలో ఫ్లోరైడ్ 2 మిల్లీగ్రాములు ఉంటే మీటరుకు తెలియదు. మరుగుదొడ్డి గుంత నుంచి సూక్ష్మజీవులు చేరినా తెలియదు. మనం సరుకుల సంచి బరువు తూచి అందులో రాళ్ళున్నాయో లేదో చెప్పలేం కదా, అలాంటిదే.

సూక్ష్మజీవులకు హెచ్.టు.ఎస్. సీసా అని చవకైన పరీక్ష ఉంది. గీత వరకు నీళ్ళు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు గది ఉష్ణోగ్రతలో ఉంచితే, మలసంబంధమైన కాలుష్యం ఉన్నప్పుడు నీళ్ళు నల్లబడతాయి. నైట్రేటును మాత్రం ల్యాబులోనో, కిట్టుతోనో చూడాలి. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దీనికి మినహాయింపు లేదు. పాలసీసా పట్టే పసిపిల్లలకు అది ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్ళు నీలంగా మారుతుంది. నైట్రేట్ ఎక్కువగా వచ్చేది ఎరువుల నుంచి, పశువుల కొట్టాల నుంచి, సెప్టిక్ ట్యాంకుల నుంచి.

మేము చేసిన తప్పు

నాలుగు సీసాలు తెచ్చామన్నాం కదా. వాటి కథ చెప్పాలి. మొదటిసారి మేము కూల్‌డ్రింకు సీసాలు కడిగి తెచ్చాం. బోరు స్విచ్ ఎక్కడుందో తెలియక పైన ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్ళు పట్టాం. ఆదివారం పట్టినవి ల్యాబుకు చేరేసరికి బుధవారమైంది. ఫలితాల కాగితం చూసి ల్యాబులో ఉన్న మా మిత్రుడే "ఇది నీళ్ళ రిపోర్టు కాదు, మన నిర్లక్ష్యం రిపోర్టు" అన్నాడు. కాగితంలో లెక్క కుదరలేదు.

ఏ లెక్క? పదో తరగతి తమ్ముళ్ళు దీన్ని పెన్సిలు పట్టుకుని చదవండి. నీటికి మొత్తం మీద విద్యుదావేశం ఉండదు. కరిగిన కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం అయాన్లకు ధనావేశం. బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్ అయాన్లకు రుణావేశం. రెండువైపులా మొత్తం సమానం కావాలి. మిల్లీగ్రాములను తుల్యాంక భారంతో భాగిస్తే మిల్లీ తుల్యాంకాలు వస్తాయి. కాల్షియం పరమాణు భారం 40, సంయోజకత 2, కాబట్టి తుల్యాంక భారం 20. లీటరులో 60 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే 60ని 20తో భాగించగా 3. క్లోరైడుకు తుల్యాంక భారం 35.5, లీటరులో 71 మిల్లీగ్రాములుంటే 2. ఇలా అన్నీ కూడాలి. ధనం వైపు 10.4, రుణం వైపు 10.0 వచ్చాయనుకోండి. తేడా 0.4, రెండింటి మొత్తం 20.4. అంటే దాదాపు 2 శాతం తేడా. 5 శాతం లోపు అయితే ఆ పరీక్షను నమ్మవచ్చు. దానికి మించితే ఎక్కడో తప్పు జరిగింది. యూనివర్సిటీల్లో ఎంత పెద్ద పరిశోధన పత్రమైనా మొదట దాటవలసిన గడప ఇదే. మా కాగితం ఆ గడప దాటలేదు.

సరైన పద్ధతి ఇది. మోటారు వేసి పది నిమిషాలు నీళ్ళు వదిలెయ్యాలి, పైపులో నిలిచిన పాత నీరు పోవాలి. ట్యాంకు నుంచి కాక బోరు నోటి దగ్గరే పట్టాలి. శుభ్రమైన కొత్త ప్లాస్టిక్ సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా అంచుదాకా నింపి మూత బిగించాలి. తేదీ, సమయం, బోరు లోతు సీసా మీదే రాయాలి, మూత మీద కాదు, మూతలు మారిపోతాయి. ఐసు డబ్బాలో పెట్టి ఆ రోజే పంపాలి. సూక్ష్మజీవుల పరీక్షకైతే ల్యాబువాళ్ళు ఇచ్చే క్రిమిరహిత సీసానే వాడాలి, దాన్ని తొలచకూడదు.

కాలుష్యం ఉందని తేల్చడం సగం పనే. అది ఎక్కడిదో చెప్పడం మిగతా సగం, కష్టమైనది కూడా. మన బందరు వైపు చూడండి. కృష్ణా డెల్టాలో నేల రాయి కాదు, నది తెచ్చిన ఇసుక, బంకమట్టి పొరలు. నాగాయలంక, అవనిగడ్డ, బంటుమిల్లి ప్రాంతాల్లో చేతిపంపు కొడితే చాలాచోట్ల ఉప్పునీరు వస్తుంది. ఆ ఉప్పు ఎక్కడిది? ఇప్పటి సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిందా? వేల ఏళ్ళ క్రితం సముద్రం అక్కడే ఉన్నప్పుడు మట్టి పొరల్లో చిక్కుకుందా? రొయ్యల చెరువుల నుంచి దిగిందా? మూడింటిలోనూ క్లోరైడ్ ఎక్కువే. క్లోరైడ్ ఒక్కటే చూస్తే తేడా తెలియదు. అందుకే హైదరాబాదులోని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన పరిశోధనలో కృష్ణా డెల్టా నీళ్ళలో స్ట్రాన్షియం, బోరాన్ అనే మూలకాలను కొలిచి సముద్రపు నీటి జాడను వెతికారు. సముద్రపు నీటిలో ఈ రెండూ మంచినీటిలో కంటే చాలా ఎక్కువ. దొంగను ముఖం చూసి కాక వేలిముద్ర చూసి పట్టుకోవడం అన్నమాట.

డెల్టాలో ఇంకో సూత్రం తెలుసుకోవాలి. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక, కాబట్టి దాని పైన తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీటి మట్టం ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు నిలుస్తుందని లెక్క. దీన్ని కనిపెట్టినవారి పేర్లతో ఘైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం అంటారు. ఇది తిరగేసి చదివితే భయం వేస్తుంది: మోటార్లు పెట్టి మీటరు తోడేస్తే కింది ఉప్పునీరు 40 మీటర్లు పైకి లేవడానికి సిద్ధమవుతుంది.

మనిషి చేసిన కాలుష్యానికి పటాన్‌చెరు ఒక్కటి చాలు. హైదరాబాదు పక్కన ఉన్న ఆ పారిశ్రామిక ప్రాంతంలో దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. శుద్ధి అయిన తర్వాత కూడా అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. 2009లో వచ్చిన మరో పత్రంలో, వారు పరీక్షించిన చుట్టుపక్కల ఊళ్ళ బావులన్నింటిలోనూ మందుల జాడ కనిపించిందని రాశారు. వాటిలో సిట్రజిన్ కూడా ఉంది. జలుబు చేస్తే మనకు హాస్టల్లో ఇచ్చే మాత్రే. ఆ బావి నీళ్ళు తాగేవాళ్ళకు ఎవరూ చీటీ రాయలేదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం.

మనకు దగ్గర్లోని ఎ.కొండూరు తండాల్లో కనిపించే మూత్రపిండాల జబ్బు లాంటిదే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో ఏళ్ళుగా ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో షుగరు, బి.పి. లేనివాళ్ళకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. 2019, 2020లో వెలువడిన సర్వేల్లో అక్కడి పెద్దవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి అటూ ఇటూగా ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్ పొలాల్లోనూ ఇలాంటిదే ఉంది. పరిశోధకులు నీటిలోని సిలికాను, ఫ్లోరైడును, భార లోహాలను, పురుగుమందులను అనుమానించారు. ఎండలో గంటల తరబడి నీళ్ళు తాగకుండా పనిచేయడాన్ని, నొప్పి మాత్రలు అదేపనిగా మింగడాన్ని కూడా అనుమానించారు. ఒక్క దోషి అని వేలెత్తి చూపగలిగినది ఇంతవరకు దొరకలేదు.

ఎందుకు దొరకలేదు? కిడ్నీ పాడవడానికి ఏళ్ళు పడుతుంది. రోగి పదిహేనేళ్ళ క్రితం తాగిన నీళ్ళు ఇవాళ మన సీసాలోకి రావు. ఆ బోరు ఎండిపోయి ఉంటుంది, కొత్త బోరు ఇంకో పగులులో పడి ఉంటుంది. ఒకే ఇంట్లో ఒకే బిందె నీళ్ళు తాగినవాళ్ళలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాదు. అందుకే జబ్బున్న ఊరి నీళ్ళు మాత్రమే పరీక్షిస్తే సరిపోదు. జబ్బు లేని పక్క ఊరి నీళ్ళనూ అదే నెలలో, అదే పద్ధతిలో చూడాలి. జబ్బు లేనివాళ్ళను కూడా ఏళ్ళ తరబడి గమనిస్తూ ఉండాలి.

కాబట్టి తమ్ముడూ, బోరు నీళ్ళ వల్లే అని రుజువు కాలేదు. కాదని కూడా రుజువు కాలేదు. ఎవరైనా గట్టిగా ఏదో ఒకటే చెబితే ఏ పరీక్షను బట్టి చెబుతున్నారో అడుగు. కానీ రుజువు దొరికేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఉద్దానానికి హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. కారణం తేలకముందే నీళ్ళు మార్చారు, అది సరైన పని. మీ తండాలకు కూడా ట్యాంకర్లతో నీళ్ళు తోలారు, కృష్ణా నీటి పైపులైను పథకం మంజూరు చేశారు. కుళాయి వచ్చిన ఇంట్లో తాగడానికి, వంటకు ఆ నీళ్ళే వాడమను. మీ అమ్మకూ అన్నకూ ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించు. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. డాక్టరు రాయకుండా ఒళ్ళునొప్పుల మాత్రలు కొనవద్దని చెప్పు. మిర్చి కోతలకు వెళ్ళేటప్పుడు నీళ్ళ సీసా తీసుకెళ్ళమను. ఇవి మేము ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

హాస్టల్ స్టడీ రూములో ఒక నీటి రిజిస్టరు పెట్టాం. తేదీ, బోరు, నీటి మట్టం, టి.డి.ఎస్., ఫ్లోరైడ్, నైట్రేట్, హెచ్.టు.ఎస్. సీసా అని గళ్ళు గీశాం. కిందటి నవంబరు వరుసలో ఫ్లోరైడ్ గడి ఖాళీగా ఉంది. బస్సులో సీసా మూత ఊడిపోయింది. వానలకు ముందు, వానల తర్వాత ఏడాదికి రెండుసార్లు పట్టాలి. మే నెల అయితే బాగుండేది గానీ అప్పుడు హాస్టల్ మూసి ఉంటుంది కనుక ఏప్రిల్ మొదటి ఆదివారం పెట్టుకున్నాం. ఐసు డబ్బా మేము తెస్తాం. సీసాల మీద పేర్లు రాయడానికి చేతిరాత బాగున్నవాళ్ళు ఇద్దరు కావాలి. ఆ తమ్ముడు ఇప్పుడు పదో తరగతి. పరీక్షల హడావిడిలో ఉన్నా తమ ఇంటి బోరు నీళ్ళు, పక్క తండా బోరు నీళ్ళు కూడా తెస్తానన్నాడు. రెండు కొత్త సీసాలు వాడికి ముందే పంపించాం.